చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ముందు కోడ్, తర్వాతే మెకానిక్

మీటర్ బోర్డులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలగగానే మన దగ్గర జరిగేది దాదాపు ఒకటే. బండిని తెలిసిన మెకానిక్ దగ్గర ఆపుతాం. అతను బానెట్ ఎత్తి, బ్యాటరీ టెర్మినల్ ఒకటి పీకి, చాయ్ తాగొచ్చి మళ్లీ పెట్టి, "అయిపోయిందన్నా, లైట్ పోయింది, ఏం గాదు నడుపుకో" అంటాడు. లైట్ పోయిన మాట నిజమే. అది ఎందుకు వెలిగిందో బండిలోని కంప్యూటర్ రాసిపెట్టుకున్నదంతా కూడా దాంతోపాటే పోయింది. కొన్నాళ్లకు పరకాల దాటాకో, జనగామ దగ్గరో మళ్లీ వెలుగుతుంది. ఈసారి ఇంకో మెకానిక్, ఇంకో ఊహ, "సెన్సార్ ఖరాబైంది సార్" అని కొన్ని వేలు.

అందుకే ముందే చెప్పేస్తున్నా. ఆ లైట్ వెలిగినప్పుడు తప్పు ఎక్కడుందో చెప్తూ కంప్యూటర్ రాసిపెట్టే కోడ్ నంబర్ మీ ఫోన్‌లోకో కాగితం మీదికో ఎక్కేదాకా బండి మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వకండి, మీకు ఎంత దగ్గరి మెకానిక్ అయినా సరే.

రంగు చూడండి, మిణుకుతుందో లేదో చూడండి

పసుపు లేదా నారింజ రంగులో నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే రోడ్డు మధ్యలో ఆపాల్సిన పనిలేదు, టెన్షన్ పడాల్సిన పనీ లేదు. హన్మకొండ నుంచి కరీంనగర్ పోతుంటే ఎల్కతుర్తి దగ్గర వెలిగిందనుకోండి, కరీంనగర్ వెళ్లి పని చూసుకుని రావచ్చు. తొందరపడి ఓవర్‌టేక్‌లు చేయకుండా, బండి నిండా లోడ్ వేయకుండా నడిపి, వారంలోపు స్కాన్ చేయించుకుంటే చాలు. నెలల తరబడి అలాగే తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, "రెండేళ్ల నుంచి వెలుగుతనే ఉంది, ఏమైంది మరి" అని గొప్పగా చెప్తారు కూడా. వాళ్లకు తట్టని విషయం ఏంటంటే రేపు ఇంజిన్‌లో ఇంకో తప్పు మొదలైనా దాన్ని చెప్పడానికి వేరే పసుపు బొమ్మ లేదు, ఉన్న ఒక్కటీ ఇప్పటికే వెలుగుతోంది.

అదే బొమ్మ టపటపా మిణుకుతుంటే మాత్రం సంగతి వేరు. ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ కాలకుండానే బయటికి పోతోందన్నమాట, మెకానిక్‌లు 'మిస్సింగ్ కొడుతుంది' అనేది దీన్నే. అలా కాలకుండా పోయిన పెట్రోల్ సైలెన్సర్ దారిలో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది, దాంతో లోపలున్న పింగాణీ జల్లెడ కరిగిపోయేంతగా కాలొచ్చు. ప్లగ్గో, దానికి కరెంట్ పంపే కాయిలో మారిస్తే కొన్ని వందల్లోనో రెండు మూడు వేలల్లోనో తేలిపోయే పని, ఇంటిదాకా లాగిద్దాంలే అనుకుంటే పదుల వేలకు పోతుంది. కాబట్టి వెంటనే యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసి వేగం తగ్గించండి. మిణుకు ఆగి నిలకడగా మారితే దగ్గర్లోని ఊరి దాకా మెల్లగా వెళ్లొచ్చు. ఆగకపోతే పక్కకు తీసి టోచన్ పెట్టించుకోవాల్సిందే. జాతీయ రహదారి మీద ఉంటే 1033కి ఫోన్ చేయండి, అది హైవే హెల్ప్‌లైన్.

ఆపేచోటు కూడా చూసుకోవాలి. ఇలా మిస్సింగ్ కొట్టిన బండి కింద క్యాటలిటిక్ కన్వర్టర్ మామూలుకంటే బాగా కాలి ఉంటుంది. కోతల సీజన్‌లో మన రోడ్ల పక్కన ఎక్కడ చూసినా ఎండు వరిగడ్డి, మక్క చొప్పే ఉంటుంది కదా, దాని మీదికి ఎక్కించి ఆపితే అంటుకునే ప్రమాదం ఉంది. మట్టి మీదో తారు మీదో ఆపండి.

ఎర్ర రంగులో నూనె డబ్బా బొమ్మో టెంపరేచర్ బొమ్మో వెలిగితే ఇదంతా చదువుతూ కూర్చోవద్దు, బండి పక్కకు ఆపి వెంటనే ఇంజిన్ కట్టేయండి, వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి. స్పానర్ బొమ్మ చాలా కార్లలో సర్వీస్ టైమ్ అయిందని గుర్తుచేసేదే. డీజిల్ బండ్లలో స్ప్రింగ్ చుట్టల్లా ఉండేది గ్లో ప్లగ్ బొమ్మ. ఈ రెండిటినీ చెక్ ఇంజిన్ లైటే అనుకుని హైరానా పడేవాళ్లు ఉన్నారు.

స్కానర్ కంటే ముందు కాస్త గుర్తుచేసుకోండి

లైట్ వెలగడానికి ముందు రెండు మూడు రోజుల్లో బండికి ఏం జరిగిందో గుర్తుచేసుకోవడానికి పైసా ఖర్చు లేదు, కానీ సగం కేసులు ఇక్కడే దొరికిపోతాయని నా అభిప్రాయం.

కొత్తగా సర్వీసింగ్ చేయించారా? ఎయిర్ ఫిల్టర్ మార్చేటప్పుడు దాని పెట్టెకో పైపుకో ఉన్న సెన్సార్ కప్లర్ (వైర్లను కలిపే క్లిప్పు) పీకి, మళ్లీ సరిగ్గా నొక్కకుండా వదిలేయడం మామూలుగా జరిగేదే. బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ పెట్టె నుంచి ఇంజిన్ దాకా వెళ్లే లావు పైపును చేత్తో తడుముతూ పోండి, క్లిప్పు వదులుగా ఉందా, పగులుందా, ఏదైనా కప్లర్ వేలాడుతోందా చూడండి. వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద ప్రెషర్‌తో నీళ్లు కొట్టించారా? ప్లగ్గులు కూర్చునే గుంతల్లో నీళ్లు నిలిచి మర్నాడు పొద్దున సెల్ఫ్ కొట్టగానే మిస్సింగ్ మొదలవుతుంది. ఇంజిన్ తళతళా మెరవాల్సిన అవసరం ఏముందో నాకైతే అర్థం కాదు, తడిగుడ్డతో తుడిస్తే సరిపోయేదానికి.

కొత్త బంకులో పెట్రోల్ పోయించారా? ఇప్పుడు మామూలు పెట్రోల్‌లోనే 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని తనలోకి లాక్కుంటుంది, నీళ్లు మోతాదు దాటితే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి, పంపు తోడుకునేది కూడా ఆ అడుగునుంచే. వానాకాలంలో ట్యాంకు నింపించుకుని రెండు కిలోమీటర్లు పోకముందే బండి జర్కులు కొడితే బంక్ బిల్లు పడేయకండి, ట్యాంకు దించినప్పుడు ఓ సీసాలో శాంపిల్ కూడా పట్టి ఉంచుకోండి.

యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూస్తే ప్రతి ఒక్కడూ మొదట పెట్రోల్ ట్యాంకు మూత బిగించమంటాడు. అక్కడి కార్లలో ట్యాంకు ఆవిరి లీకును కనిపెట్టే ఏర్పాటు ఉంటుంది, మన దగ్గర నడిచే చాలా బండ్లలో అది లేదు. మూత బిగించుకుంటే పోయేదేమీ లేదు కానీ లైట్ దాంతో ఆరిపోతుందని ఎదురుచూడకండి.

ఇక ఎలుకలు. ఇంట్లో వడ్ల బస్తాలున్నా, పక్కన రైస్ మిల్లున్నా, బండి రేకుల షెడ్డులో పెడుతున్నా అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది వీటినే. కోతలయ్యాక పొలంలో తిండి తగ్గి ఇళ్ల వైపు వస్తాయి, రాత్రిపూట వెచ్చగా ఉండే ఇంజిన్ గదిలో దూరతాయి. చలికాలం పొద్దున బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన గింజల పొట్టు, చిన్న చిన్న నల్ల పెంటికలు, కొరికిన స్పాంజి ముక్కలు కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. టార్చ్ వేసి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల వైర్లు, సైలెన్సర్ వైపు ఉండి పొగలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిజన్ సెన్సార్ వైర్లు, ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకు (ఫైర్‌వాల్) దగ్గర వైర్ల కట్ట వరుసగా చూడండి. తెగిన వైర్‌ను మెలిపెట్టి ఇన్సులేషన్ టేప్ చుట్టి పంపిస్తే ఒప్పుకోవద్దు. సెన్సార్ వైర్లలో నడిచేది చిన్న కరెంట్, ఆ మెలిక తుప్పు పట్టగానే రీడింగ్ తప్పుతుంది, లైట్ మళ్లీ వస్తుంది. టంకం వేయించి, పైన వేడికి బిగుసుకునే స్లీవ్ వేయించండి. మళ్లీ రాకుండా పొగాకు కాడలు, కలరా ఉండలు, రాత్రంతా బానెట్ తెరిచి ఉంచడం, ఎవరి చిట్కా వారిదే. నేను నమ్మేది మాత్రం బస్తాల షెడ్డులోంచి బండి బయట పెట్టడాన్నే.

కోడ్ చదవడం మీరే చేసుకోవచ్చు

2013 ఏప్రిల్ తర్వాత మన దగ్గర తయారైన కార్లకు బండి తన తప్పుల్ని తానే కనిపెట్టి కోడ్‌గా రాసుకునే ఓబీడీ-2 అనే పద్ధతి తప్పనిసరైంది. డ్రైవర్ కాళ్ల దగ్గర, స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డు అడుగున పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, కొన్నిట్లో ఫ్యూజ్ బాక్స్ మూత వెనక దాక్కుని ఉంటుంది. అందులో పెట్టి ఫోన్‌లో కోడ్ చదవడానికి వాడే ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ డబ్బా కొన్ని వందల నుంచి వెయ్యిన్నర దాకా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌కైతే మామూలు బ్లూటూత్‌ది చాలు, ఐఫోన్‌కు మాత్రం వైఫైదో, ఐఫోన్‌తో పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉన్నదో కొనాలి. మరీ చౌక నకిలీలు కొన్ని బండ్లతో అసలు మాట్లాడవు, కాబట్టి వాపస్ తీసుకునేచోట కొనండి.

ఇంజిన్ ఆపి డబ్బా గుచ్చండి, తాళం చెవి తిప్పి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టొద్దు. ఫోన్‌లో బ్లూటూత్ జత చేసేటప్పుడు పిన్ అడిగితే సాధారణంగా 1234 లేదా 0000. తర్వాత టార్క్ లాంటిదో కార్ స్కానర్ లాంటిదో యాప్ తెరిచి ఫాల్ట్ కోడ్‌ల పేజీకి వెళ్లండి. వచ్చిన ప్రతి కోడ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఇంకా ఖాయం కాని పెండింగ్ కోడ్‌లు విడిగా ఉంటే అవి కూడా. అక్కడే 'క్లియర్' బటన్ కనిపిస్తుంది, వేలు దాని మీదికే పోతుంది. ఇప్పుడే నొక్కకండి.

ఎందుకంటే ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఇంకో పేజీ ఉంటుంది, చాలామంది దాన్ని తెరవనే తెరవరు. తప్పు దొరికిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని ఆర్‌పీఎం మీద తిరుగుతోంది, బండి ఎంత వేగంలో ఉంది, లోడ్ ఎంత, ఇవన్నీ కంప్యూటర్ ఆ ఒక్క క్షణానికి రాసిపెడుతుంది. కూలెంట్ 35 డిగ్రీలు, వేగం సున్నా అని ఉంటే పొద్దున చల్లటి ఇంజిన్ మీద వచ్చిన సమస్య. 90 డిగ్రీలు, 3000 ఆర్‌పీఎం, లోడ్ ఎక్కువ అని ఉంటే ఫుల్లుగా లాగుతున్నప్పుడు వచ్చింది. ఈ ఒక్క పేజీ మెకానిక్‌కు గంట పని తగ్గిస్తుంది, బ్యాటరీ వైరు పీకితే ముందు చెరిగిపోయేదీ ఇదే.

డబ్బా పని అయ్యాక తీసేయండి. గుచ్చి వదిలేస్తే బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతుంది, ఊరెళ్లి పది రోజులకు వచ్చేసరికి సెల్ఫ్ తిరగదు.

ఇవన్నీ మనతో కాదు అనుకుంటే స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి, వరంగల్‌లోనూ కరీంనగర్‌లోనూ కొదవ లేదు. కొన్ని వందలు తీసుకుంటారు. "ముందు కోడ్ చదివి నంబర్ చెప్పు తమ్మీ, డిలీట్ చెయ్యకు" అని చెప్పి స్క్రీన్ ఫోటో తీసుకోండి.

నంబర్ వచ్చింది, ఇప్పుడేంటి

కోడ్ 'పీ' అక్షరంతో మొదలైతే ఇంజిన్, గేర్‌బాక్స్ సంగతి, 'యూ' అయితే బండిలోని కంప్యూటర్ల మధ్య మాట ఆగిపోయిందని. కోడ్ అంటే పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు లాంటిది, తీర్పు కాదు. ఆక్సిజన్ సెన్సార్ పేరు కోడ్‌లో ఉందంటే ఆ సెన్సార్ ఏదో చెబుతోందని అర్థం, అదే పాడైందని కాదు. మనం పోగొట్టుకునే డబ్బులో పెద్ద వాటా ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే. మా బంధువుల్లో ఒకాయన బండికి ఒకచోట ఆక్సిజన్ సెన్సార్ మార్చారు, లైట్ మళ్లీ వచ్చింది, ఈసారి పెట్టిన పీసే డూప్లికేట్ అని చెప్పి మళ్లీ మార్చారు. చివరికి తేలింది సైలెన్సర్ జాయింట్ దగ్గర లీకు.

పీ0300 వస్తే ఏ సిలిండరో తెలియని మిస్సింగ్. పీ0301, 0302, 0303 అంటే ఒకటి, రెండు, మూడో సిలిండర్లు. పెట్రోల్ బండిలో ప్లగ్గు ప్లగ్గుకో కాయిల్ ఉంటే దీన్ని ఇంటి ముందే తేల్చొచ్చు. పీ0302 వచ్చిందనుకోండి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం తీసేసి, రెండో సిలిండర్ కాయిల్ మూడోదానికి, మూడోది రెండోదానికి మార్చండి. కోడ్ చెరిపి (ఈపాటికి స్క్రీన్‌షాట్ తీసి ఉంటారు కాబట్టి ఇప్పుడు చెరపొచ్చు) కాసేపు తిప్పండి. ఈసారి పీ0303 వచ్చిందా, తప్పు కాయిల్‌దే, దాంతోపాటే నడిచొచ్చింది. మళ్లీ పీ0302నే వస్తే కాయిల్ మంచిదే, తర్వాత ప్లగ్గు, అదీ కాకపోతే ఇంజెక్టర్ చూడాలి. సీఎన్‌జీ మీద నడిచే బండ్లలో ప్లగ్గులు తొందరగా అరుగుతాయి, కాబట్టి వాటిలో ముందు ప్లగ్గుల్నే చూడండి.

పీ0171 అంటే ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ పోతోందని. దీనికి సెన్సార్ మార్చమనేవాళ్లు చాలామంది తగులుతారు, కానీ పగిలిన రబ్బరు పైపు, వదులైన వాక్యూమ్ గొట్టం, నీరసించిన పెట్రోల్ పంపు, లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సార్‌కు పట్టిన మట్టి, ఇవి ముందు. గ్రానైట్ క్వారీల వైపో, బొగ్గు లారీలు తిరిగే భూపాలపల్లి, గోదావరిఖని రోడ్ల మీదో రోజూ తిరిగే బండికి, మేడారం జాతర ట్రాఫిక్‌లో గంటల తరబడి దుమ్ములో పాకిన బండికి, కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఎయిర్ ఫిల్టర్ ఆగదు. తీసి ఎండకు పెట్టి చూడండి, వెలుతురు కనిపించకపోతే మార్చేయండి. ఎయిర్‌ఫ్లో సెన్సార్ కడగాలంటే దానికంటూ అమ్మే స్ప్రేతోనే కడగాలి, కార్బరేటర్ క్లీనర్ కొట్టినా వేలితో తుడిచినా లోపలి సన్న తీగ పోతుంది. చిన్న కార్లు చాలావాటిలో ఈ సెన్సారే ఉండదు, దాని బదులు మ్యానిఫోల్డ్ ప్రెషర్ సెన్సార్ ఉంటుంది, కాబట్టి లేనిదాన్ని కడిగామని బిల్లు వేయించుకోకండి.

పీ0128 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఎండలు, మన అలవాటు కలిసి చేసే పని. రామగుండం, మంచిర్యాల వైపు మే నెల ఎండ సంగతి తెలిసిందే. బండి హీట్ ఎక్కుతోందని చూపిస్తే పాతకాలం మెకానిక్, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వ్ పీకి పక్కన పడేస్తాడు, "ఇగ హీటే ఎక్కదు" అంటాడు. కార్బరేటర్ కాలంలో నడిచిపోయింది. ఇప్పుడు కంప్యూటర్ ఇంజిన్ ఇంత సేపట్లో ఇంత వేడెక్కాలి అని లెక్క పెట్టుకుంటుంది, ఎక్కకపోతే ఈ కోడ్ వేస్తుంది, పైగా ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మైలేజ్ పడిపోతుంది, సైలెన్సర్‌లో మసి పెరుగుతుంది. ఈ కోడ్ వస్తే కూలెంట్ మట్టం చూసుకుని, థర్మోస్టాట్ బండిలో ఉందో లేదో అడగండి. హీట్ ఎక్కడానికి అసలు కారణం రేడియేటర్‌లో పేరుకున్న మడ్డో, తిరగని ఫ్యానో అయి ఉంటుంది, దాన్ని బాగుచేయించండి.

పీ0420 క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదని. అందరికంటే ఎక్కువ భయపెట్టే కోడ్ ఇదే, ఎందుకంటే ఆ భాగం ఖరీదు. ఒప్పుకునే ముందు అంతకుముందు మిస్సింగ్ ఉందా, సైలెన్సర్ లీకుందా, వెనక ఆక్సిజన్ సెన్సార్ సరిగా పనిచేస్తోందా అని తేల్చమనండి. నిజంగానే మార్చాల్సి వస్తే పాతది మీ చేతికి తీసుకోండి, అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, పాత సామాన్ల వాళ్లు మంచి డబ్బిస్తారు. లోపల ఖాళీ చేసి ఉత్త పైపు పెడతామనే సలహా కూడా వస్తుంది, వద్దు, పొగ పెరుగుతుంది, లైట్ కూడా ఆరదు.

ఒకదానితో ఒకటి సంబంధం లేని కోడ్‌లు గుంపుగా, అందులో నాలుగైదు 'యూ'వి వచ్చాయంటే పార్టుల జోలికి పోకండి, బ్యాటరీ చూడండి. మల్టీమీటర్ పెడితే రాత్రంతా ఆగి ఉన్న బండికి 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. టెర్మినల్ వదులుగా ఉన్నా, ఎర్త్ వైర్ తుప్పు పట్టినా ఇదే వరస. కొన్ని కొత్త బండ్లు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను అవసరాన్ని బట్టి నడుపుతాయి, వాటిలో రీడింగ్ కాస్త అటూఇటూ అయినా కంగారు పడొద్దు.

డీజిల్ బండి అయితే

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) డీజిల్ కార్లలో డీపీఎఫ్ అనే మసి జల్లెడ ఉంటుంది. సైలెన్సర్ బాగా వేడెక్కినప్పుడు, సుమారు 600 డిగ్రీల దగ్గర, ఆ మసి కాలి బూడిదవుతుంది. హన్మకొండ చౌరస్తా నుంచి వరంగల్ స్టేషన్‌కు, అక్కడి నుంచి ఇంటికి, రోజూ ఇంతే తిరిగే బండిలో ఆ వేడి ఎప్పటికీ రాదు. మసి పేరుకుంటుంది, మొదట డీపీఎఫ్ లైట్, పట్టించుకోకపోతే చెక్ ఇంజిన్ లైట్, ఆ తర్వాత బండి పికప్ తగ్గించేసి మెల్లగా మాత్రమే పోతానంటుంది.

మొదటి లైట్ దగ్గరే మేల్కొంటే మందు తేలిక. కాజీపేట దాటి హైదరాబాద్ హైవే ఎక్కి, ఒక గేరు తక్కువలో ఆర్‌పీఎం 2000 పైన ఉండేలా, 60–80 వేగంతో ఆగకుండా ఇరవై ముప్పై నిమిషాలు నడపండి. రఘునాథపల్లి వెళ్లి తిరిగొస్తే సరిపోతుంది, వచ్చే లోపల చాలావరకు లైట్ ఆరిపోతుంది. ట్యాంకులో డీజిల్ అడుక్కి వచ్చినప్పుడు చాలా బండ్లు ఈ కాల్చే పని మొదలే పెట్టవు, కాబట్టి కొంచెం నింపుకుని బయల్దేరండి. మధ్యలో ఇంజిన్ ఆపొద్దు. పదే పదే మధ్యలో ఆపితే కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగినట్టు కనిపిస్తే సంతోషించకండి, ఆయిల్ మార్పించండి. డీపీఎఫ్ బండికి దానికి తగిన తక్కువ బూడిద ఆయిలే పోయించాలి, బండి పుస్తకంలో ఆ గ్రేడ్ రాసి ఉంటుంది. చెక్ ఇంజిన్ లైట్ దాకా వచ్చేసి, బండి పికప్ కూడా కోల్పోతే హైవే చికిత్స పనిచేయదు, స్కానర్‌తో బలవంతంగా కాల్పించాలి, అది వర్క్‌షాప్ పనే.

వాన నీళ్లలో నడిపితే

2023 జులై వానలకు వరంగల్‌లో ఎన్ని కాలనీలు మునిగాయో మళ్లీ చెప్పక్కర్లేదు. నీళ్లలోంచి బయటపడ్డాక లైట్ వెలిగి, బండి మామూలుగా నడుస్తుంటే చాలాసార్లు కప్లర్లలో చేరిన తేమే కారణం. కప్లర్లు ఊడదీసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిస్తే పోతుంది, వదిలేస్తే పిన్నులు పచ్చగా తుప్పు పట్టి ఆర్నెల్ల తర్వాత ఏదో ఒక రోజు ఎందుకో తెలియకుండా ఇబ్బంది పెడుతుంది. నీళ్లలోనే ఇంజిన్ ఆగిపోతే మాత్రం సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే ఒక్కసారి సెల్ఫ్ కొట్టినా పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు, ఇంజిన్‌కు విడిగా కవర్ తీసుకోకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు ఆ ఖర్చు తిప్పికొట్టే అవకాశమే ఎక్కువ.

మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు

మన మెకానిక్‌లలో చెవితో విని జబ్బు చెప్పగలిగేవాళ్లు ఉన్నారు, వాళ్లను తక్కువ చేయడం లేదు. కానీ కోడ్ చూడకుండా పార్ట్ పేరు చెప్తే ఆగండి. "ఏ కోడ్ వచ్చిందన్నా? లైవ్ డేటా చూసినవా? ఈ సెన్సారే అని ఎట్ల తెలిసింది?" అని అడగండి. లైవ్ డేటా అంటే ఇంజిన్ నడుస్తుండగా సెన్సార్లు స్కానర్‌లో చూపించే అంకెలు. నిజంగా పని తెలిసినవాడు ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు, పైగా స్క్రీన్ తిప్పి చూపిస్తాడు. పాత పార్ట్ తీసుకుంటానని పని మొదలుపెట్టకముందే చెప్పండి. బండి వారంటీలో ఉంటే బయట ఎక్కడా వైర్లు కోయించొద్దు, స్క్రీన్‌షాట్లతో నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లి, జాబ్ కార్డులో కోడ్ నంబర్ రాయించండి. కోడ్ చదవడం వల్ల వారంటీ పోదు.

రిపేర్ అయ్యాక

పని పూర్తయ్యాక కోడ్ చెరపొచ్చు. చెరపకపోయినా, తప్పు నిజంగా పోయి ఉంటే వరుసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లలో (స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒకటి) మళ్లీ కనిపించకపోతే లైట్ తనంతట తానే ఆరిపోతుంది, కోడ్ మాత్రం నలభై సార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారేదాకా మెమరీలో ఉంటుంది. చెరిపితే ఇంకో సంగతి గమనించాలి. యాప్‌లో రెడీనెస్ మానిటర్లు అనే పేజీ ఉంటుంది, కంప్యూటర్ తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో అందులో కనిపిస్తుంది, చెరపగానే అవి చాలావరకు 'పూర్తి కాలేదు' అని మారిపోతాయి. సిటీలో, హైవే మీద, చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి కొన్ని రోజులు తిప్పితే ఒక్కొక్కటే పూర్తవుతాయి. అవి పూర్తయ్యాక కూడా లైట్ రాకపోతేనే రిపేర్ కుదిరినట్టు. షాపు ముందు లైట్ ఆరినంత మాత్రాన డబ్బులు మొత్తం చేతిలో పెట్టాల్సిన పనిలేదు, కుదిరితే కొంత ఆపండి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇదే పేజీ బాగా పనికొస్తుంది. ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి చెక్ ఇంజిన్ బొమ్మ వెలుగుతోందో లేదో చూడండి. ఇంజిన్ స్టార్ట్ చేయకముందు అది వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో ఆ బల్బు తీసేశారనో కనెక్షన్ తెంపేశారనో అనుమానించాల్సిందే. తర్వాత డబ్బా గుచ్చి రెడీనెస్ పేజీ తెరవండి. కోడ్‌లు ఏమీ లేకుండా, మానిటర్లు దాదాపు అన్నీ 'పూర్తి కాలేదు' అని ఉన్నాయంటే పొద్దున్నే ఎవరో చెరిపారు, లేదా బ్యాటరీ పీకారు. అమ్మేవాళ్లు "మొన్ననే కొత్త బ్యాటరీ వేశాం" అంటారు, అది నిజం కూడా కావచ్చు. వాదించొద్దు, "సరే అన్నా, నాలుగు రోజులు మీరే తిప్పండి, ఆదివారం వచ్చి మళ్లీ చూస్తా" అని అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి.